పెయ్యలకు మేత బయలు కావాలి

ఏటికొప్పాక అనగానే లక్క బొమ్మలు గుర్తొస్తాయి. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు దక్కింది. కానీ బొమ్మకు కావలసిన అంకుడు కర్ర దొరకడం లేదని కళాకారులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. ఈ ప్రాంతంలో పాడి నమ్ముకున్న చిన్న రైతు గోడు వేరు. పశువును తోలుకెళ్లడానికి చోటు లేదు. ఇద్దరి కొరతనూ ఒకే నేల తీర్చగలదు.

పాలకేంద్రంలో వెన్న శాతం, ఇతర ఘనపదార్థాలు చూసి డబ్బు కడతారు. అందుకే ఇంట్లో ఉన్న తవుడు, చిట్టు, కొన్న దాణా అన్నీ పాలిచ్చే ఆవు ముందుకే వెళతాయి. పెయ్య తొలిసారి ఈనడానికి రెండున్నర, మూడేళ్లు పడుతుంది. అన్నాళ్లూ అది ఖర్చే తప్ప రాబడి కాదు. వట్టిపోయిన ఆవుదీ అదే స్థితి. ఎండుగడ్డితో సరిపెట్టిన పెయ్య ఎదకు ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యం వల్ల వచ్చే నష్టం ఏ పాలబిల్లులోనూ కనిపించదు. చెరకు నరికినప్పుడు దొరికే పచ్చి కొనలు కొన్ని నెలలు ఆదుకునేవి. చెరకు తగ్గేకొద్దీ ఆ ఆసరా కూడా సన్నగిల్లుతోంది.

న్యూజిలాండ్‌లోలా పచ్చిక మీదే పాడి నడపమని నేననను. అక్కడ వాన ఏడాది పొడవునా పడుతుంది. ఇక్కడ నాలుగైదు నెలలే. నాలుగు వందల కిలోల సంకర ఆవుకు రోజుకు దాదాపు పది కిలోల ఎండు పదార్థం కావాలి. అది ఎండిన బయలు మీద దొరకదు. కానీ పెయ్యకు, వట్టి ఆవుకు వానాకాలపు మేత పెద్ద అండ. పైగా నడిచే పశువు ఎదకు వచ్చిందో లేదో మందలో ఇట్టే తెలుస్తుంది, కట్టేసిన చోట తప్పిపోతుంది.

పశువుల మేతకు కట్టించుకున్న పుల్లరి పన్ను మీద 1921-22లో పల్నాడు తిరగబడింది మేత హక్కు కోసమే. ఇప్పుడు పన్ను లేదు, బయలే లేదు. పంచాయతీల ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. పశువులకు వదిలిన మందబయలుగా రికార్డుల్లో మిగిలిన ప్రతి సెంటునూ ముందు సర్వే చేయించాలి.

ఆ నేలలో అంకుడు మొక్కలు ఎడంగా నాటి, మధ్యన గడ్డి, స్టైలో అనే మేత మొక్క విత్తనాలు చల్లితే సరిపోతుంది. మొక్కలు పశువు నోటికి అందని ఎత్తు పెరిగేదాకా మూడు నాలుగేళ్లు మేపకూడదు. గడ్డి కోసి తేవాలి. తర్వాత బయలును ముక్కలు చేసి వంతులవారీగా మేపాలి. నాలుగు వేళ్ల ఎత్తు మిగలగానే మందను మరో ముక్కలోకి తోలాలి. వేరు దాకా కొరికించిన గడ్డి మళ్లీ లేవదు.

ఉమ్మడి బయలంటే బలవంతుల మందలే మేస్తాయన్న అనుమానం న్యాయమైనదే. కాబట్టి ఇంటికి రెండు పశువులని గ్రామసభే హద్దు పెట్టాలి. తొలి వంతు సెంటు భూమి లేని ఆడవాళ్ల పెయ్యలకు ఇవ్వాలి.