పలకరింపూ నేర్చుకోవాల్సిందే
గుంటూరు బ్రాడీపేట లైన్లలో హాస్టల్ వార్డెన్ చేతిలో రాత్రి హాజరు పట్టీ ఉంటుంది, గోడకు దూదీ కట్టూ ఉన్న ప్రథమ చికిత్స పెట్టె ఉంటుంది. నాలుగు రోజులుగా కంచంలో అన్నం కెలికి లేచిపోతున్న పిల్లవాణ్ని ఎలా పలకరించాలో మాత్రం ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఆస్ట్రేలియాలో 2000లో బెట్టీ కిచెనర్, ఆంథొనీ జార్మ్ మొదలుపెట్టిన మానసిక ప్రథమ చికిత్స శిక్షణ నేర్పేది అదే: పక్కన కూర్చుని, తప్పుపట్టకుండా విని, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగి, డాక్టరు సాయం తీసుకునేలా ప్రోత్సహించడం. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని పెద్దలు జంకుతారు. పరిశోధనల్లో ఆ భయానికి ఆధారం దొరకలేదు. వార్డెన్ డాక్టరు కాడుగా అంటే, నిజమే. పాము కరిచినవాణ్ని కదలనివ్వకుండా ఆసుపత్రికి చేర్చేవాడూ డాక్టరు కాడు. శిక్షణతో సాయం చేసేవారి అవగాహన, ధైర్యం పెరుగుతాయన్నది తేలింది. సాయం పొందినవారికి ఎంత మేలన్నదానికి రుజువు ఇంకా పలచనే. కాబట్టి శిక్షణ ఒక్కటే చాలదు, దాని వెనక వైద్యం నిలబడాలి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరులో రాత్రీపగలూ తెలుగులో మాట్లాడేవాళ్లున్నారు. ఆ నంబరు హాజరు పట్టీ అట్ట మీదే ఉండాలి. చచ్చిపోవాలనిపించిన క్షణంలో చేతికందేలా పత్తి పురుగుమందు ఇంట్లోనే ఉండే చుట్టుపక్కల పల్లెల్లో పురుగుమందుల కొట్టువాళ్లకూ ఈ శిక్షణ ఇవ్వాలి.