పాటకు పట్టము, భాషకు పస్తు

భాష చిన్నదైనచో పాట పెద్ద సభకు పనికిరాదను మాట మన సంఘములలో తరచుగా వినవచ్చుచున్నది. పిల్లలకు పాటల పోటీ పెట్టుదమన్నచో, “తెలుగు పాట యెందుకు? పదిమందికి తెలిసిన భాషలో పాడనిండు” అని హితవు చెప్పు పెద్దలున్నారు. అది ఉదారబుద్ధియని వారి నమ్మకము. అది పరాజయబుద్ధియని మా వాదము. ఈ తగవే అర్ధశతాబ్దికి పైగా నడచుచున్న పాటల సభ యొకటి యూరపులో కలదు. దాని చరిత్రను చూచి తీర్పు చెప్పుకొందము.

యూరోవిజన్ అను ఆ పోటీ 1956లో స్విట్జర్లాండులోని లుగానో నగరమున ఏడు దేశములతో మొదలయ్యెను. 1965లో స్వీడన్ తన పాటను ఆంగ్లమున పాడించగా, మరుసటి యేడే ఏ దేశపు పాట ఆ దేశభాషలోనే యుండవలెనని నిబంధన చేసిరి. 1973లో దానిని తీసివేసిరి. 1974లో స్వీడన్‌కు చెందిన ఆబా బృందము ‘వాటర్లూ’ను ఆంగ్లమున పాడి గెలిచెను. 1977లో నిబంధన మరల వచ్చెను. 1999లో మరల పోయెను. అది మొదలు 2015 వరకు జరిగిన పదునేడు పోటీలలో, పూర్తిగా ఆంగ్లేతర భాషలో పాడి గెలిచిన పాట ఒక్కటే: 2007 నాటి సెర్బియా పాట ‘మొలిత్వ’.

“చూచితిరా! మేమన్నదే నిజమాయెను” అని మన హితవరులు అనవచ్చును. కొంచెము ఓపిక పట్టవలెను. 1964లో తొలిసారి పాల్గొని ఒక్క పాయింటైనను దక్కించుకొనలేకపోయిన పోర్చుగల్, 2017లో స్వభాషలో పాడిన సాల్వదోర్ సొబ్రాల్ వలన 758 పాయింట్లతో తన మొదటి విజయమును పొందెను. 2021లో ఇటలీ ఇటాలియను పాటతోను, 2022లో ఉక్రెయిన్ ఉక్రేనియను పాటతోను గెలిచినవి. మరి అంతకు ముందు అన్నియేండ్లు ఆంగ్లమే గెలుచుటకు కారణమేమి? వచ్చినవారిలో పెక్కుమంది ఆ వేషమే వేసికొని వచ్చిరి. అందరును ఒకే వేషమున వచ్చిన సభలో ఆ వేషమునకే బహుమానము దక్కుట వింతయా?

అయినను ఇవి రాజ్యముల అండగల భాషలు. మనవంటివారికి దగ్గరి దృష్టాంతము వేరొకటి కలదు. 2016లో స్టాక్‌హోమ్ నగరమున ఉక్రెయిన్ పక్షమున జమాలా అను గాయని ‘1944’ అను పాట పాడెను. ఆమె క్రిమియా తాతారుల బిడ్డ. 1944 మే 18న స్టాలిన్ ప్రభుత్వము ఆ జాతినంతటిని, లక్షా ఎనుబదివేలకు మించిన జనమును, సరకుల రైలుపెట్టెలలో కుక్కి మధ్య ఆసియాకు తరలింప మొదలిడెను. క్రిమియాలో వారి ఊళ్ల పేర్లు సైతము మార్చివేసిరి. జమాలా ముత్తవ్వ ఆ ప్రయాణములోనే ఒక బిడ్డను పోగొట్టుకొనెను. జమాలా పుట్టినది కూడ క్రిమియాలో కాదు. కిర్గిజియాలోని ఓష్ నగరమున. యునెస్కో వారు తీవ్ర ప్రమాదములో నున్న భాషగా లెక్కించిన తాతారు భాషలో ఆమె ఆ పాట పల్లవిని పాడెను. ఆ రాత్రి నిపుణుల తీర్పులో ఆస్ట్రేలియా, ప్రేక్షకుల ఓట్లలో రష్యా మొదట నిలిచినవి. రెంటను రెండవ స్థానమున నిలిచిన ‘1944’, రెండును కలుపగా 534 పాయింట్లతో గెలిచెను.

“చరణములు ఆంగ్లమే కదా” అని అడుగుదురేమో. ఔను. కథ చెప్పుటకు పరభాషను వాడి, దుఃఖము పొంగు తావున తల్లిభాషకు వచ్చెను. పరభాషను త్రోవగా వాడుకొనుట వేరు. ఆ త్రోవ క్రింద స్వభాషను పూడ్చుట వేరు. కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ మనకు అన్నము పెట్టిన భాషలు. మన బిడ్డలు వానిని చక్కగా నేర్వవలసినదే. మా తగవు వానితో కాదు.

మన పూర్వులలో పెక్కుమంది విజయనగర, నాయకరాజుల కాలముననే ఈ నేలలకు వచ్చి నిలిచిరి. వారిని ఎవరును రైలుపెట్టెలలో కుక్కలేదు. తమిళనాట 2006 నాటి చట్టము వలన తెలుగు బడులకు వచ్చిన చిక్కు నిజమైనదే. దానిపై పోరాడుట న్యాయమే. కాని ఏ చట్టమును మన వంటయింటిలోనికి వచ్చి తల్లి నోరు మూయలేదు. తాతారులనుండి బలవంతముగా లాగుకొన్నదానిని మనము ఊరక జారవిడుచుచున్నాము.

2023 మార్చిలో చంద్రబోసు రచించి కీరవాణి సంగీతము కూర్చిన ‘నాటు నాటు’ ఆస్కారు బహుమానము పొందెను. దాని నృత్యమును 2021లో చిత్రించినది జమాలా దేశపు రాజధానియగు కీవ్‌లోనే. ఆస్కారు వేదికపై దానిని పాడినది తెలుగులోనే. హితవరుల వాదము ఆనాడే కూలవలసినది. మనమందరము చప్పట్లు కొట్టితిమి. ఆ చప్పట్ల పిమ్మట ఎన్ని యిండ్లలో పిల్లలకు పలక కొనిరి? తిరువయ్యారున తెలుగు రాని గాయకులు త్యాగయ్య కృతులను తమ లిపులలో వ్రాసికొని పాడుదురు. వారి శ్రద్ధకు మా నమస్కారము. తెలుగింటి బిడ్డయు అట్లే వ్రాసికొని, అర్థము తెలియక పాడి, కప్పు పుచ్చుకొని పోవుట మాత్రము మనకు తలవంపు.

నిబంధనలు భాషను నిలుపజాలవు. యూరోవిజన్‌లో అవి రెండుమార్లు వచ్చి రెండుమార్లు పోయినవి. కావున పిల్లలపై క్రొత్త నిబంధన పెట్టుడని మేము కోరుటలేదు. పోటీకి మూడు నెలలు ముందుగా ప్రతి సంఘమును అక్షరములు నేర్పు తరగతి నడుపవలెను. పాడెడి పాటను బిడ్డ తెలుగు లిపిలో చదివి, దాని భావమును తన మాటలలో చెప్పగలుగునట్లు చేయవలెను. బహుమానమిచ్చు పెద్దలు ఆ బిడ్డతో తెలుగున మాటాడవలెను. ఈ పాటి పనికి ఏ ప్రభుత్వపు అనుమతియు అక్కరలేదు. దీనిని చేయక, తెలుగు పాట పెద్ద సభకు చాలదని పలుకువారు ఇకనైనను ఆ మాట మానుదురు గాక!