గేటు దగ్గర నిషేధం... గ్రూపులో హోంవర్క్

బడికి ఫోన్ తెస్తే లాక్కుంటారు. ఇంటికెళ్లాక ఫోన్ చేతిలో లేకపోతే హోంవర్క్ ఏమిటో కూడా తెలియదు. తెలుగు రాష్ట్రాల్లోని అనేక పాఠశాలల్లో, ముఖ్యంగా ప్రైవేటు బడుల్లో, కరోనా నాటి నుంచి సాగుతున్న తంతు ఇది. ఫోన్ మీ పిల్లల్ని పాడుచేస్తోందని తల్లిదండ్రుల సమావేశాల్లో ఉపన్యాసాలు దంచే యాజమాన్యాలే రాత్రివేళ ఆ ఫోన్‌ను పిల్లల చేతికి అందిస్తున్నాయి. కంచే చేను మేస్తున్న ఈ తీరుకు ప్రభుత్వాలు వెంటనే అడ్డుకట్ట వేయాలి.

ఏడో తరగతి పిల్ల ఉన్న ఇంట్లో రాత్రి ఎనిమిది దాటాక ఏం జరుగుతోందో చూడండి. తరగతి వాట్సాప్ గ్రూపులో వర్క్‌షీట్ పీడీఎఫ్ వచ్చి పడుతుంది. వెనకే బోర్డు మీది నోట్సు ఫొటోలు. అమ్మ ఫోన్ తీసుకుని, అక్షరాలను వేళ్లతో పెద్దవి చేసుకుంటూ నోటుబుక్‌లోకి ఎక్కించాలి. అయ్యాక ఆ పేజీలు ఫొటో తీసి టీచర్‌కు పంపాలి. ఈలోగా ఓ నోటిఫికేషన్, దాని వెంట నాలుగు రీల్స్. అరగంటలో తేలాల్సిన పని పదకొండు దాటుతుంది. ఫోన్ ఇవ్వమంటే ‘హోంవర్క్ చేస్తున్నా’ అనే జవాబు సిద్ధం. బడే పురమాయించిన పని కాబట్టి తల్లికి గట్టిగా కాదనే వీలుండదు.

దీనికి మూల్యం చెల్లిస్తున్నది పిల్లల ఆరోగ్యం. 13-18 ఏళ్ల వారికి రోజూ 8 నుంచి 10 గంటల నిద్ర కావాలన్నది నిద్ర వైద్య నిపుణుల సిఫార్సు. తెల్లారి ఏడింటికే బస్సెక్కే పిల్లలు అర్ధరాత్రి దాకా మేలుకుంటే అంత నిద్ర దక్కడం కష్టమే. తెర వెలుగు నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ విడుదలను వెనక్కి నెడుతుంది. రీల్స్, గేమ్‌లు రేపే ఉద్వేగం మిగిలిన కునుకునూ చెడగొడుతుంది. నిద్ర చాలని మెదడు పాఠాన్ని నిలుపుకోలేదు. చిరాకు, తలనొప్పి, తరగతిలో కునికిపాట్లు వీటి పర్యవసానమే. ఎండపొడ తగలకుండా గంటల తరబడి దగ్గరి తెరలకు అతుక్కుపోయే పిల్లల్లో దూరపుచూపు మందగించే ముప్పు ఎక్కువ. రోజూ రెండు గంటలు ఆరుబయట గడిపితే ఆ ముప్పు తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ ఆటల సమయాన్నే మనం కాజేస్తున్నాం.

చదువు కోసమే కదా అన్న సమర్థన నిలవదు. గ్రామీణ భారతంపై అసర్ 2024 నివేదిక ప్రకారం, ఫోన్ వాడటం తెలిసిన 14-16 ఏళ్ల వారిలో సర్వేకు ముందు వారంలో చదువుకు వాడినవారు 57 శాతం, సామాజిక మాధ్యమాలకు వాడినవారు 76 శాతం. బడుల్లో స్మార్ట్‌ఫోన్ల విషయంలో జాగ్రత్త అవసరమని యునెస్కో 2023లో హెచ్చరించింది. అదే ఏడాది ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ విద్యార్థులు బడికి ఫోన్ తేవడాన్ని నిషేధించింది. మంచి నిర్ణయమే, కానీ బడి గంట మోగాక దాని ప్రభావం సున్నా.

తల్లిదండ్రులకు సమాచారం చేరాలి కదా అంటారు. చేరాలి. సెలవులు, ఫీజులు, పరీక్షల తేదీలు గ్రూపులో పెట్టడాన్ని ఎవరూ తప్పుపట్టరు. పిల్లలు చేయాల్సిన పని మాత్రం తరగతి గదిలోనే చెప్పి రాయించాలి. డిజిటల్ పాఠాలు కావాలంటే బడిలో, టీచర్ కళ్లముందు చూపించాలి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్‌నూ తండ్రి నైట్ డ్యూటీకి పట్టుకెళితే, ఆ పిల్లవాడు మర్నాడు హోంవర్క్ చేయని నేరానికి నిలబడాల్సి వస్తోంది. ఇది అన్యాయం.

పిల్లల హోంవర్క్‌ను వాట్సాప్‌లో, యాప్‌లలో ఇవ్వడాన్ని నిషేధిస్తూ రెండు ప్రభుత్వాలూ ఉత్తర్వులివ్వాలి. ఎంఈవోలు తనిఖీల్లో డైరీలు చూడాలి, ఉల్లంఘించిన యాజమాన్యాలకు జరిమానా వేయాలి. టెక్నాలజీ వ్యసనానికి బెంగళూరు నిమ్హాన్స్ 2014లోనే ప్రత్యేక క్లినిక్ తెరిచింది. అలాంటి సేవలు మన జిల్లా ఆసుపత్రులకూ రావాలి. రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్లన్నీ పడకగది బయటే ఉంచే బాధ్యత తల్లిదండ్రులది, తమ ఫోన్లతో సహా. వాట్సాప్ హోంవర్క్ ఆపేస్తే యాజమాన్యాలకు కొత్త ఖర్చేమీ లేదు. డైరీల పేరిట చాలా బడులు ఏటా డబ్బు వసూలు చేస్తూనే ఉన్నాయి. ఆ డైరీల్లో హోంవర్క్ రాయించండి చాలు.