కుంచం కింద దీపం

‘హైడ్ వన్స్ లైట్ అండర్ ఎ బుషెల్’ అనే ఇంగ్లిషు పలుకుబడికి అర్థం, తన విద్యనో మంచితనాన్నో నలుగురి కంటా పడకుండా తానే దాచుకోవడం. మత్తయి సువార్త 5వ అధ్యాయం దీని పుట్టిల్లు. దీపం వెలిగించి ఎవరూ కొలపాత్ర కింద పెట్టరని అక్కడి పోలిక. మూలంలోని పాత్ర రోమన్ల ‘మోదియస్’. దాని కొలత సుమారు 9 లీటర్లు. 1526లో విలియం టిండేల్ ఇంగ్లిషు చేస్తూ తన నాట రైతులెరిగిన బుషెల్‌ను పెట్టాడు. అందులో 35 లీటర్లకు పైనే పడుతుంది. కొలత నాలుగింతలైనా పోలిక చెడలేదు. గింజలు కొలిచేది బోర్లిస్తే వెలుగు మరుగున పడుతుంది, కావలసింది అంతే. తెలుగు బైబిల్‌లో అది కుంచం అయింది, నాలుగు మానికల కుంచం. కన్నడంలో కొళగ అయింది.

కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకాను చాలా మేరకు ఆంధ్రప్రదేశ్ చుట్టి ఉంది. అక్కడ ఎన్నో ఇళ్లలో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం, ఆపైన ఇంగ్లిషు. అలాంటి విద్యార్థి చేత బుషెల్‌ను బట్టీ పట్టించడం అన్యాయం. కుంచం, కొళగ రెండూ అతని భాషల్లోనే ఉన్నాయి. వాటిని చూపితే బుషెల్‌ను ‘బుష్’ అనుకుని దీపాన్ని పొదలో పెట్టే పొరపాటూ జరగదు.

అసలు చిక్కు వాడుకలో ఉంది. దాచేది మంచిదై ఉండాలి, దాచేవారు దాని సొంతదారే కావాలి. హరికథ చెప్పగలిగీ బిడియంతో వెనక బెంచీలో కూర్చునే ఉపాధ్యాయుడికి ఈ మాట చక్కగా అతుకుతుంది. చెరువు పూడిక లెక్కలు బయటికి రానివ్వని గుత్తేదారుకు అతకదు. అతను చేసింది కప్పిపుచ్చడం. ఒకరి ప్రతిభను మరొకరు పైకి రానీయకపోతే అది తొక్కిపెట్టడం. ఈ మూడింటినీ ఒకే మాటతో సరిపెడితే బిడియస్థుడి మీద దొంగ మచ్చ పడుతుంది.

సంస్కృతంలోని ఘటప్రదీప న్యాయం దీనికి దగ్గరి చుట్టమే గాని ఒకటి కాదు. కుండలోని దీపం కుండకే వెలుగిస్తుంది. తన మేలు తానే చూసుకునేవాడికి అది పోలిక. కుంచం కింది దీపంలో స్వార్థం లేదు, సంకోచం ఉంది. అందుకే ఇంగ్లిషులో ఇది తరచు ‘దాచుకోవద్దు’ అనే ప్రేమతో కూడిన మందలింపుగానే వినిపిస్తుంది.