క్రొత్త ఒక వింత, పాత ఒక రోతయా?

‘క్రొత్త ఒక వింత, పాత ఒక రోత’ అని మన పెద్దలు చెప్పుదురు. ఇది లోకుల తీరును తెలుపు సామెతయే గాని, ఆ తీరును మెచ్చుకొను సామెత కాదు. నేటి బాలబాలికలు చేతిఫోనులను గూర్చి మాటలాడుకొనునపుడు ఈ మాట నాకు తరచుగా జ్ఞప్తికి వచ్చును. ‘నీ ఫోనులో ఎన్నవ వెర్షన్ ఉన్నది?’ అని ఒకడు అడుగును. తన దానికంటె ఒక అంకె తక్కువైనచో నవ్వును. అంకె పెరిగినంత మాత్రమున మేలు పెరిగినట్లేనా? ఈ ప్రశ్నను మీతో కలసి విచారింపదలచితిని.

నేను ఉపాధ్యాయవృత్తిలో తొలినాళ్ళు ఉదయగిరిలో గడపితిని. విశ్రాంతి పొందిన పిదప ఆత్మకూరులో నివసించుచున్నాను. ఉదయగిరి కొండపైనున్న దుర్గమును మీలో కొందరు చూచియుందురు. గజపతుల యేలుబడిలోనున్న ఆ దుర్గమును 1514లో శ్రీకృష్ణదేవరాయలు జయించెను. తరువాతి కాలమున అది గోలకొండ సుల్తానుల వశమయ్యెను. నేడు ఆ కొండమీద దేవాలయ శిథిలములును, మసీదును కూడ కానవచ్చును. క్రొత్తగా వచ్చిన ప్రభువు పాత కోటను విడిచిపెట్టలేదు. దానినే ఆధారముగా గొని తనకు వలసినది చేర్చుకొనెను. ఫోనులోని ఆపరేటింగ్ సిస్టమ్ కూడ ఇట్టి కట్టడమే.

ఆపరేటింగ్ సిస్టమ్ అనగానేమి? ఒక పాఠశాలను తలచుకొనుడు. ఏ తరగతి ఏ గదిలో జరుగవలెను, గంట ఎప్పుడు మ్రోగవలెను, ఏ తాళపుచెవి ఎవరి చేతికి ఈయవలెను అను ఏర్పాట్లన్నియు ప్రధానోపాధ్యాయుడు చూచుకొనును. ఆ యేర్పాటు లేనిచో ఎంత గొప్ప పండితుడైనను పాఠము చెప్పజాలడు. ఫోనులో తెర, కెమెరా, జ్ఞాపకశక్తి అనునవి గదుల వంటివి. యాప్‌లు ఉపాధ్యాయుల వంటివి. అందరిని ఒక క్రమమున నడుపునది ఆపరేటింగ్ సిస్టమ్. ఒక గ్రంథమును తప్పులు దిద్ది, క్రొత్త విషయములు చేర్చి మరల ముద్రించినపుడు దానిని రెండవ కూర్పు, మూడవ కూర్పు అందుము. వెర్షన్ అనగా అట్టి కూర్పే.

మన పల్లెలలో ఎక్కువగా కనబడు ఫోనులు ఆండ్రాయిడ్ అను వ్యవస్థతో నడచును. దానిని ఆరంభించిన సంస్థ 2003లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున పుట్టెను. 2005లో గూగుల్ దానిని కొనెను. 2008లో ఈ వ్యవస్థతో నడచు మొదటి ఫోను అంగళ్ళకు వచ్చెను. అయినను దాని పునాది అంతకు పూర్వపుదే. 1991లో ఫిన్లాండు దేశమున లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి ఆరంభించిన లినక్స్ మీదనే ఆండ్రాయిడ్ నిలిచియున్నది. చూచితిరా, ఇచటను పాత పునాదియే!

2009 మొదలు ఈ కూర్పులకు ఆంగ్ల అక్షరక్రమమున తీపివంటకముల పేర్లు పెట్టిరి. కప్‌కేక్, డోనట్, ఎక్లేర్ అని మొదలై నూగట్, ఓరియో, పై అనువరకు సాగెను. అరిసెయు, బొబ్బట్టును ఎరిగిన మన పిల్లలకు నూగట్ ఏమి తెలియును? ఈ పేర్లు అన్ని దేశములవారికి అర్థమగుట లేదని గ్రహించి 2019లో ఆ సంస్థయే వానిని విడిచి, ఆండ్రాయిడ్ 10 అని అంకెతో పిలువసాగెను. పేరు చిన్న విషయమే. కాని లోకమంతయు వాడు వస్తువును తమ యింటివారికొరకే చేసినట్లు తలచుట పొరపాటని ఇందువలన తెలియుచున్నది.

పేరుకంటె పెద్దది లిపి. తొలి కూర్పులలో మన తెలుగునకు చోటు లేకుండెను. ఒక పండుగనాడు నా పూర్వవిద్యార్థి పంపిన తెలుగు సందేశము నా ఫోనులో వరుసగా ఖాళీ పెట్టెలై కనబడెను. జీవితమంతయు తెలుగు బోధించిన నాకు తెలుగు సందేశమును చదువు యోగము లేకపోయెను! ఆంగ్లమున అక్షరము ప్రక్కన అక్షరము నిలుచును. మనకు ‘లక్ష్మి’ అని వ్రాయవలెనన్న షకారమును, మకారమును వత్తులై క్రిందికి దిగవలెను. గుడి పైన నిలువవలెను. ఈ అమరికను యంత్రమునకు నేర్పవలెను. తుదకు 2014లో వెలువడిన 5.0 కూర్పున ఒకేసారి 15 భాషలు క్రొత్తగా చేరెను. వానిలో తెలుగు, తమిళము, కన్నడము, మలయాళము, మరాఠీ, బెంగాలీ కలవు. నాటినుండి ఫోనులోని ఆదేశములన్నియు తెలుగులోనే చదువుకొను వీలు గలిగెను. నా దృష్టిలో ఆండ్రాయిడ్ మన యింటికి వచ్చినది 2008లో కాదు, 2014లో.

లిపి చేరిన పిదపను దిద్దుబాటు ముగియదు. ఆపిల్ సంస్థవారి ఐఫోను ఐఓఎస్ అను వేరొక వ్యవస్థతో నడచును. 2018 ఫిబ్రవరిలో దాని 11.2.5 కూర్పున ఒక దోషము బయటపడెను. ‘జ్ఞా’ అను తెలుగు అక్షరమును కంటికి కనబడని ఒక సంకేతముతో కలిపి సందేశముగా పంపినచో, దానిని తెరపై చూపబోయిన యాప్ కుప్పకూలుచుండెను. జ్ఞానమునకు మొదటి అక్షరమే యంత్రమును నిలిపివేసెను! ఆ నెల 19వ తేదీన 11.2.6 అను చిన్న కూర్పు వచ్చి ఆ దోషమును తొలగించెను. చివరి అంకె ఒక్కటి మారినదని ఎవ్వరును గొప్పలు చెప్పుకొనలేదు. అయినను మన భాషకు అది చేసిన ఉపకారము ఎన్నదగినది.

కూర్పులవలన కలిగిన మరి రెండు మేళ్ళను చెప్పెదను. పూర్వము ఒక యాప్‌ను చేర్చుకొనునపుడే అది కోరిన తాళపుచెవులన్నియు ఒక్కసారిగా ఈయవలసియుండెను. 2015లో వచ్చిన 6.0 కూర్పునుండి కెమెరా కావలసినపుడు కెమెరాకు, చిరునామాల పట్టిక కావలసినపుడు దానికి వేరువేరుగా అనుమతి అడుగుచున్నది, మనము కాదనవచ్చును. ఆ సంవత్సరముననే, ఒక సందేశమును పంపి ఇతరుల ఫోనును లోబరచుకొనుటకు వీలిచ్చు దోషము బయటపడగా, గూగుల్ సంస్థ నెలనెల భద్రతా దిద్దుబాట్లను వెలువరింప మొదలిడెను.

ఇంతవరకు బాగుగనే యున్నది. ఈ దిద్దుబాట్లు అందరికిని చేరుచున్నవా? ఇదియే నా వేదన. ఆండ్రాయిడ్ కూర్పు గూగుల్ వద్దనుండి నేరుగా మన చేతికి రాదు. లోపలి చిప్పును చేసినవారు, పిదప ఫోనును చేసినవారు దానిని తమ యంత్రమునకు తగినట్లు మలచవలెను. క్రొత్త ఫోనులు అమ్ముకొను తొందరలో పాతవాని మాట మరతురు. ఈ చిక్కును తగ్గించుటకు 2017లో 8.0 కూర్పున చిప్పునకు సంబంధించిన భాగమును పై భాగమునుండి వేరుపరచిరి. మేలు కలిగెను గాని బాధ తీరలేదు.

పింఛను పొందువారు ఏటేట తాము జీవించియున్నట్లు ధ్రువపత్రము ఈయవలెను. ఫోనునకు ముఖము చూపి ఆ పని ముగించు పద్ధతి 2021లో మన దేశమున ప్రవేశపెట్టబడెను. నేనును ప్రయత్నించితిని. నా ఫోను చెక్కుచెదరలేదు, గీత పడలేదు. కాని అందలి కూర్పు పాతదైనందున యాప్ దానిలోనికి రాననెను. నేను బ్రతికియున్నానని నా ఇరుగుపొరుగువారికి తెలియును. నా ఫోను మాత్రము సాక్ష్యము పలుకలేకపోయెను. ఆత్మకూరు బజారులోని సేవాకేంద్రమునకు నడచిపోయి వేలిముద్ర వేసి వచ్చితిని. నేను నడువగలను గనుక సరిపోయెను. మంచము దిగలేని ముదుసలి ఏమి చేయవలెను?

మన యిండ్లలో కొడుకు క్రొత్త ఫోను కొనుక్కొని తాను వాడినది తల్లికిచ్చును. తల్లి దానిని అవ్వకిచ్చును. కావున దిద్దుబాటు ఆగిపోయిన ఫోను తుదకు చేరునది మోసమును పసిగట్టుటకు అందరికంటె తక్కువ శక్తిగల చేతులకే. గోడ పగిలిన చోట వృద్ధులను కావలి యుంచినట్లున్నది కదా!

‘పాత యంత్రమునకు శక్తి చాలదు; ఎంతకాలమని దానిని మోయుదుము?’ అని తయారుచేయువారు అందురు. ఆ మాటలో కొంత నిజము కలదు. పాత ఫోనునకు క్రొత్త సొగసులన్నియు చేర్చుమని నేను కోరుటలేదు. గోడపై క్రొత్త మేడ కట్టకున్నను బాధ లేదు. పడిన గండిని మాత్రము పూడ్చవలెను. ఇది కానిపని కాదు. 2023లో గూగుల్, 2024లో శాంసంగ్ తమ ఖరీదైన ఫోనులకు 7 సంవత్సరములు దిద్దుబాట్లు ఇత్తుమని మాట ఇచ్చిరి. ఒక రకపు ఫోను అమ్మకము ముగిసిన పిదప కూడ కనీసము 5 సంవత్సరములు దిద్దుబాట్లు అందవలెనను నియమము ఐరోపా సమాఖ్యలో 2025 జూన్‌లో అమలునకు వచ్చెను. ధనవంతుని ఫోనునకు దొరకు రక్షణ కూలివాని ఫోనునకును దొరకవలెను. అట్టి నియమము మన దేశమునను వెలయవలెనని నా దృఢమైన అభిప్రాయము.

విద్యార్థులారా! ఇకమీదట ‘నీది ఎన్నవ కూర్పు?’ అని అడిగి నవ్వకుడు. ఈ సాయంకాలమే మీ యింటిలోని అవ్వ ఫోనును చేతికి తీసికొని, అందు చివరి భద్రతా దిద్దుబాటు ఎప్పుడు వచ్చెనో చూడుడు. రావలసినది యున్నచో చేర్చుడు. ఇక రాదని తెలిసినచో, ఆ ఫోనులో బ్యాంకు పనులు చేయవలదని ఆమెకు నెమ్మదిగా చెప్పుడు. రేపు మీలో కొందరు ఇట్టి వ్యవస్థలను నిర్మించువారగుదురు. అపుడు క్రొత్త కూర్పును వెలువరించుటకు ముందు, దాని వెలుపల ఎవరు మిగిలిపోయిరో ఒక్కసారి వెనుదిరిగి చూడుడు.