గడప దాటవలసిన వేళ

ఉద్యోగమంటే ఉదయం ఇల్లు విడిచి వెళ్లి సాయంత్రం తిరిగి రావడమనే భావన మన సమాజంలో చాలాకాలంగా పాతుకుపోయింది. కంప్యూటరు, ఇంటర్నెట్ వచ్చి ఆ భావనను సడలించాయి. అనువాదకులు, చిత్రకారులు, లెక్కలు రాసేవారు, వెబ్‌సైట్లు రూపొందించేవారు ఎందరో నేడు ఏ ఒక్క సంస్థకూ కట్టుబడకుండా, ఒప్పుకున్న పనికి తగిన ప్రతిఫలం పొందుతూ ఇంటినుంచే జీవనం సాగిస్తున్నారు. వీరినే ఫ్రీలాన్సర్లు, అంటే స్వతంత్ర వృత్తిదారులు అంటున్నాం. 2020లో కరోనా కారణంగా విధించిన లాక్‌డౌన్ ఇంటి గదినే కార్యాలయంగా మార్చుకోవడాన్ని సర్వసాధారణం చేసింది. అయితే ఇంట్లో మొదలైన పనిని ఎప్పుడు బయటికి తీసుకువెళ్లాలి అన్న ప్రశ్నకు సమాధానం అంత సులభం కాదు.

చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల యువతకు ఈ ప్రశ్న మరింత ముఖ్యమైనది. హైదరాబాదుకు పడమట, మర్రిచెట్ల నీడకు పేరుపొందిన బీజాపూర్ రహదారి మీద ఉన్న ఈ రెండు ఊళ్లు 2025లో పురపాలికలయ్యాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణ కోసం 1996లో వెలువడిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు 84 గ్రామాలలో నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. మొయినాబాద్ మండలంలోని అనేక గ్రామాలు వాటిలో ఉన్నాయి. అందువల్ల గచ్చిబౌలిలో ఆకాశాన్నంటే భవనాలు లేచినా, ఇక్కడ కూరగాయల తోటలు, పూలతోటలు చాలావరకు నిలిచాయి. ఒకవైపు పల్లె, మరొకవైపు మహానగరం. ఈ రెంటి నడుమ నివసించే స్వతంత్ర వృత్తిదారుడు తన బల్లను ఎక్కడ వేసుకోవాలి?

దీనికి మన పాత పల్లెలే ఒక దారి చూపుతాయి. నేతగాని మగ్గం ఇంట్లోనే ఉండేది. నూలు చుట్టడం మొదలుకొని పడుగు సిద్ధం చేయడం వరకు ఇంటిల్లిపాదీ ఆ పనిలో పాలుపంచుకునేవారు. కమ్మరి కొలిమి మాత్రం ఇంటికి ఎడంగా ఉండేది. నిప్పు, చప్పుడు, నాగళ్లు తెచ్చే రైతుల రాకపోకలు ఇంటి నడుమ ఇమిడేవి కావు. కుమ్మరి సారె ఇంటి ముంగిట తిరిగినా, కుండలు కాల్చే ఆవం ఇళ్లకు దూరంగా ఉండేది. పని ఎక్కడ ఉండాలో నిర్ణయించినది సంపద కాదు, హోదా కాదు. ఆ పని స్వభావం. ఇల్లు పనిని, పని ఇంటిని భరించగలిగినంతకాలం రెండూ ఒకే కప్పు కింద ఉండేవి. భరించలేనప్పుడు విడిపోయేవి.

ఈనాటికీ ఇదే సరైన కొలత అని నా అభిప్రాయం. ఆదాయం పెరగగానే ఆఫీసు తీసుకోవాలనుకోవడం పొరపాటు. తలుపు మీద పేరుపలక చూసుకోవాలన్న కోరికతో అద్దె గదిలో చేరినవారికి మొదటి నెల ఆనందం, మూడవ నెల ఆందోళన మిగులుతాయి. చూడవలసినవి వేరే ఉన్నాయి. పని చెడిపోతున్నదా? ఫోనులో మాట్లాడుతున్నప్పుడు కుక్కరు కూతకు సంజాయిషీ చెప్పుకోవలసి వస్తున్నదా? పని కోసం వచ్చేవారిని కూర్చోబెట్టడానికి మంచం మీది బట్టలు తీయవలసి వస్తున్నదా? అర్ధరాత్రి దాటినా పని ముగిసిందన్న భావన కలగడం లేదా? ఇవి అప్పుడప్పుడు కాక ప్రతిదినం జరుగుతుంటే ఆలోచించవలసిందే.

అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. ఇంట్లో పని ఉచితమని మనం అనుకుంటాం. నిజానికి ఆ అద్దెను ఇంటివారు చెల్లిస్తుంటారు. కొడుకు పనికి భంగం కలుగుతుందని తల్లి గొంతు తగ్గించుకొని మాట్లాడుతుంది. పిల్లలు ఆట మానుకొని గోడవారగా కూర్చుంటారు. తండ్రి మధ్యాహ్నపు కునుకును అరుగు మీదికి మార్చుకుంటాడు. ఈ ఖర్చు ఏ లెక్కల పుస్తకంలోనూ కనిపించదు. స్త్రీల విషయంలో పరిస్థితి దీనికి తలకిందులుగా ఉంటుంది. ఆమె కంప్యూటరు ముందు కూర్చున్నా ఇంట్లోనే ఉన్నది కదా అని పొయ్యి మీది పాలు చూడమంటారు. వచ్చిన చుట్టానికి టీ పెట్టమంటారు. ఆమె పనిని పనిగా గుర్తించని ఇంట్లో, ఆదాయం కొంచెమైనా ఆమె ముందుగానే గడప దాటడం న్యాయం.

ఇక లెక్క చూద్దాం. ఒక యువకుడు గంటకు 200 రూపాయలు సంపాదిస్తున్నాడనుకుందాం. చేవెళ్లలో అతడు తీసుకొనే చిన్న గదికి అద్దె, కరెంటు, ఇంటర్నెట్ కలిపి నెలకు 7,000 రూపాయలు అవుతుందనుకుందాం. అది 35 గంటల శ్రమ విలువ. ఇంట్లోని అంతరాయాల వల్ల రోజుకు గంటన్నర పోతున్నదంటే, 25 దినాలకు 37 గంటలకు పైగా నష్టం. అప్పుడు ఆ గది తన అద్దెను తానే సంపాదించుకుంటుంది. నష్టం రోజుకు అరగంటే అయితే ఆ గది వృథా భారం. కార్యాలయపు గదికి ఇంటి కరెంటు రేటు వర్తించదన్న సంగతి, ముందుగా చెల్లించవలసిన అడ్వాన్సు సంగతి కూడా మరువరాదు. స్వతంత్ర వృత్తిలో రాబడి ప్రతి నెలా ఒకేలా ఉండదు. కనీసం ఆరు నెలల అద్దె చేతిలో లేనిదే గది తాళంచెవి అందుకోవడం వివేకం కాదు.

బయటికి వెళ్లడమంటే నగరానికి వెళ్లడమేనా? ఎంతమాత్రం కాదు. రాకపోకలకు రోజూ మూడు గంటలు పడితే నెలకు 75 గంటలు రోడ్డుపాలవుతాయి. పైగా ఈ రహదారి ప్రమాదాలకు పేరుమోసింది. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర ఆర్టీసీ బస్సు, టిప్పరు ఢీకొన్న ఘటనలో నగరానికి చదువుల కోసం వెళ్తున్న విద్యార్థినులు సహా అనేకులు ప్రాణాలు కోల్పోయారు. అవసరమైన రోజున నగరానికి వెళ్లవచ్చు. ప్రతిరోజూ వెళ్లవలసిన అవసరాన్ని మాత్రం కొనితెచ్చుకోరాదు. ఒకే ఊళ్లో ఉన్న నలుగురు వృత్తిదారులు కలిసి బజారులో ఒక గదిని పంచుకుంటే అద్దె తగ్గుతుంది, ఒంటరితనం తీరుతుంది, ఊరి పిల్లలకు కొత్త వృత్తులు కళ్లెదుట కనిపిస్తాయి.

నిర్ణయానికి ముందు ఒక నెలపాటు పరీక్షించి చూడడం మేలు. పోయిన గంటలను కాగితం మీద రాసుకోవాలి. నెల చివర ఆ కాగితాన్ని ఇంటివారి ముందు పెట్టి, వారు కోల్పోయినవి కూడా అడిగి రాసుకోవాలి. సమాధానం ఆ కాగితమే చెబుతుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంటివారిని మౌనంగా ఉంచి సాధించిన విజయాన్ని ఇంట గెలవడం అనలేం. వారి గొంతు వారికి తిరిగి ఇవ్వడం కోసం గడప దాటినవాడే నిజంగా ఇంట గెలిచినవాడు.