న్యాయస్థానంలో నలిగిన పంచె

గట్టు తగాదాలో మా నాన్న కోర్టు మెట్లెక్కినప్పుడు నేను ఎనిమిదో తరగతి. అవతలివారు ఇస్త్రీ బట్టలతో వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. మా నాన్న నలిగిన పంచెతో, తువ్వాలు చంకలో పెట్టుకుని మధ్యాహ్నందాకా నిలబడే ఉన్నాడు. తీరా పిలిచాక రెండు ముక్కలైనా చెప్పకముందే వాయిదా వేశారు. బీదవాడికి న్యాయం జరగాలంటే జడ్జి బీదవాడి పక్షాన ఉండాలని ఆనాడే తీర్మానించుకున్నాను.

మొన్న యూదుల ధర్మశాస్త్రం గురించి చదివితే నా తీర్మానానికి గట్టి దెబ్బ తగిలింది. గొప్పవాడి ముఖం చూసి తీర్పు చెప్పరాదనడం సరే, అందరూ అనేదే. కాని బీదవాడని జాలిపడి అతనివైపూ మొగ్గరాదని తోరాలోని లేవీయకాండం 19వ అధ్యాయం శాసిస్తుంది. 'ధనికుడు ఎలాగూ ఇతణ్ణి ఆదుకోవలసినవాడే కదా, తీర్పు ఇటే ఇచ్చేస్తే పరువుగా బతుకుతాడు' అని కూడా న్యాయాధిపతి అనుకోకూడదట! ఇదేం న్యాయమని నాకు కోపం వచ్చింది.

అయితే తాల్మూద్‌లో మరో నియమం ఉంది. ఒకడు చిరుగుపాతలతో, ఒకడు ఖరీదైన వస్త్రాలతో వస్తే విచారణకు ముందే ధనికుడికి చెప్పాలి: నువ్వైనా అతనిలా కట్టుకో, లేదా అతనికైనా నీలాంటివి కట్టించు అని. ఒకణ్ణి కూర్చోబెట్టి ఇంకొకణ్ణి నిలబెట్టరాదు. ఒకణ్ణి తోచినంతసేపు మాట్లాడనిచ్చి రెండోవాణ్ణి 'త్వరగా కానీ' అనరాదు. అతి చిన్న నాణెం దావానైనా పెద్ద సొమ్ము దావా అంత శ్రద్ధగా వినాలి. 12వ శతాబ్దంలో మైమోనిడీస్ ఈ నియమాలను తన ధర్మసంహితలో క్రోడీకరించాడు.

మిత్రులారా, మన లేబొరేటరీలో త్రాసు చూడండి. తూచేముందు ముల్లును సున్న మీదికి తెస్తాం. అది పక్షపాతం కాదు. తూచేటప్పుడు పళ్లెంలో వేలు పెడితే మాత్రం, జాలితో పెట్టినా అది దొంగతూకమే. ఇవాళ జాలితో పెట్టిన వేలు రేపు భయంతోనో ఆశతోనో పెట్టదని హామీ ఏమిటి?

మరి జాలికి చోటే లేదా? ఉంది. కూలీలు ద్రాక్షాసవం పీపా పగలగొడితే యజమాని వారి పైబట్టలు లాక్కున్నాడని తాల్మూద్‌లోనే ఒక కథ. రవ్ అనే పండితుడు బట్టలు తిరిగి ఇప్పించాడు. ఆకలితో ఉన్నామంటే కూలి కూడా ఇమ్మన్నాడు. చట్టం గీత దాటి మంచివాడు చెయ్యవలసిన పని ఇదని వ్యాఖ్యాత రాషీ వివరించాడు. అంటే దయ చూపవలసింది కలవాడు, తన సంచిలోంచి. తీర్పును వంచి కాదు.

మన రాజ్యాంగంలో 1976లో చేర్చిన 39ఎ అధికరణం బీదవారికి ఉచిత న్యాయసహాయం అందించాలంటుంది. అదీ ముల్లును సున్నకు తెచ్చే పనే. కాని అది వకీలును ఇవ్వడంతో ఆగితే చాలదు. మా నాన్నకు ఆ రోజు కావలసింది జడ్జిగారి జాలి కాదు. కూర్చోడానికి ఆ బెంచీ మీద కాస్త చోటు, చెప్పేది పూర్తిగా వినే ఓపిక. అవి దొరికాక ఓడిపోయినా, మా నాన్న తలెత్తుకునే ఇంటికొచ్చేవాడు.

— తృతీయ బి.యస్సీ. విద్యార్థి